చిన్న అంగడికి సైబర్ కాపలా: ఒక సెలవు రోజున మొదలుపెట్టగలిగిన పని

ప్రొద్దుటూరులో బంగారం అంగడి కానీ, కడప వైవీ స్ట్రీట్‌లో బట్టల అంగడి కానీ, ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ యూనిట్ కానీ, రోజు వ్యాపారం ఇప్పుడు మూడింటి మీద నడుస్తోంది: యజమాని ఫోను, లెక్కలు రాసే టాలీ ప్రోగ్రాం ఉన్న కంప్యూటరు, బ్యాంకులో కరెంట్ అకౌంటు. ఇందులో ఫోను చేజారితే అకౌంటు కూడా దాని వెంటే పోతుంది. ఓటీపీలన్నీ వచ్చేది దానికే కదా.

సైబర్ భద్రత అనగానే చాలామంది ఏ యాంటీవైరస్ కొనాలని అడుగుతారు. నా ఉద్దేశంలో అది చివర్లో ఆలోచించాల్సిన విషయం. ముందు డబ్బు బయటికి పోయే దారులు మూయాలి, తర్వాత లెక్కలను కాపాడుకోవాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు. దసరా రద్దీ మొదలుకాక ముందే ఒక సెలవు రోజు చూసుకుని కూర్చోండి. ప్రొద్దుటూరు దసరా ఎంత ఘనంగా జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర ఎవరికీ ఏదీ సరిచూసుకునే తీరిక ఉండదు.

1. కాగితం మీద పెట్టండి

ఒక తెల్ల కాగితం మీద అంగడికి ఉన్న ఆన్‌లైన్ ఖాతాలన్నీ వరుసగా రాయండి: నెట్ బ్యాంకింగ్, యూపీఐ క్యూఆర్ ఇచ్చిన యాప్, జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, ఆదాయపు పన్ను, ఈమెయిల్, వాట్సాప్ బిజినెస్, టాలీ, సీసీ కెమెరాల యాప్. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి. ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది? పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు? పాస్‌వర్డ్ మాత్రం ఈ కాగితం మీద రాయొద్దు.

రాస్తూ పోతే చాలా అంగళ్లలో బయటపడే సంగతులు దాదాపు ఒకేలా ఉంటాయి. జీఎస్టీ ఓటీపీ ఆడిటర్ ఆఫీసులో ఎవరి ఫోనుకో పోతుంటుంది. అంగడి ఈమెయిల్ ఎప్పుడో మానేసిన కుర్రాడు తన ఫోన్లో తెరిచిందై ఉంటుంది. నెట్ బ్యాంకింగ్‌కు ఇచ్చిన సిమ్‌కు ఏడాదిగా రీచార్జ్ ఉండదు. ఈ చివరిది చిన్న విషయం కాదు. రీచార్జ్ లేక మూతపడిన నంబరును టెలికాం కంపెనీ కొంతకాలం తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. అప్పుడు మీ బ్యాంకు మెసేజ్‌లు ముక్కూముఖం తెలియని మనిషికి వెళ్తాయి. కాగితం మీద తేలిన ఇలాంటి తప్పులను ముందు సరిచేయండి.

2. ఫోను, సిమ్

బోర్డు మీద, బిల్లుల మీద, విజిటింగ్ కార్డు మీద ఉన్న నంబరునే బ్యాంకుకు కూడా ఇచ్చి ఉంటే, మోసగాడికి సగం పని మీరే చేసిపెట్టినట్టు. బ్యాంకుకు, జీఎస్టీకి వేరే నంబరు పెట్టుకోండి. వీలైతే ఆ సిమ్‌ను ఒక మామూలు బటన్ ఫోన్లో వేసి ఇంట్లో ఉంచండి. యూపీఐ యాప్ వాడాలంటే సిమ్ స్మార్ట్‌ఫోన్లోనే ఉండాలి కాబట్టి, పెద్ద మొత్తాలుండే కరెంట్ అకౌంటును యూపీఐకి కలపకుండా నెట్ బ్యాంకింగ్‌తోనే నడపడం మంచిది.

తర్వాత వాట్సాప్. సెట్టింగ్స్‌లో అకౌంట్ తెరిచి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఆరంకెల పిన్ పెట్టండి. ఎవరైనా మాటల్లో పెట్టి మీ ఓటీపీ లాగేసినా ఈ పిన్ లేకుండా మీ వాట్సాప్‌ను వేరే ఫోన్లో వెంటనే తెరవలేరు. వాట్సాప్‌లోనే లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి, మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే వెంటనే లాగౌట్ కొట్టండి. ఈమెయిల్‌కూ రెండో దశ తనిఖీ తప్పకుండా పెట్టండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకునే లింకులు చాలావరకు ఆ ఈమెయిల్‌కే వస్తాయి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఏపీకే ఫైళ్ల గురించి. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది పత్రిక కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఆ తర్వాత వచ్చే ఓటీపీలన్నీ మోసగాడికి చేరిపోతాయి. పైగా మీ వాట్సాప్ కూడా వాళ్ల చేతిలో పడితే అదే ఫైలు మీ పేరుతో మీ దగ్గర కొనేవాళ్లందరికీ పోతుంది. అందుకే తెలిసిన హోల్‌సేల్ వ్యాపారి నంబరు నుంచి వచ్చినా సరే నమ్మడానికి లేదు. ఆయన ఫోనే వాళ్ల చేతిలో ఉండొచ్చు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, వాట్సాప్‌కు, క్రోమ్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆ అనుమతి తీసేయండి. వాట్సాప్‌లో ఫైళ్లు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా కూడా ఆపేయండి. ఇప్పటికే పొరపాటున నొక్కి ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి అకౌంట్ ఆపించండి. ఆ తర్వాత ఫోటోలు, నంబర్లు తీసి దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. యాప్‌ను తొలగిస్తే సరిపోతుందని మెకానిక్ చెప్పినా ఒప్పుకోవద్దు.

పక్కవాళ్లకు అదే నెట్‌వర్క్ వస్తూ మీ ఒక్కరి సిమ్‌కు మాత్రం ఉన్నట్టుండి సిగ్నల్ పోతే, టవర్ సమస్యలే అని ఊరుకోకండి. మీ పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసి ఉండొచ్చు. వెంటనే కంపెనీకి, బ్యాంకుకు ఫోన్ చేయండి. మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించేదీ అక్కడే.

3. కౌంటర్ దగ్గర

కౌంటర్ మోసాలకు సాంకేతికం పెద్దగా అక్కర్లేదు. నకిలీ స్క్రీన్‌షాట్, అచ్చం ఫోన్‌పే లాగా పచ్చ టిక్కు చూపించే నకిలీ యాప్, క్యూఆర్ మీద అంటించిన వేరే స్టిక్కర్, ఇంతే. అంగట్లో అందరికీ ఒకే ఒక్క నియమం పెట్టండి. కొనేవాళ్ల ఫోన్లో ఏం కనిపించినా అది లెక్కలోకి రాదు. మన సౌండ్‌బాక్స్ పలకాలి, లేదా మన యాప్‌లో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ కనిపించాలి. అప్పటిదాకా సరుకు కౌంటర్ దాటకూడదు. జమ అయినట్టు వచ్చే ఎస్‌ఎంఎస్ మీద కూడా ఆధారపడొద్దు, అలాంటి మెసేజ్‌ను ఎవరైనా టైపు చేసి పంపగలరు.

క్యూఆర్ స్టాండును గల్లా లోపలివైపు పెట్టండి. పొద్దున అంగడి తెరవగానే గుమాస్తా తన ఫోన్‌తో ఒక రూపాయి పంపి, ఎవరి పేరు వస్తుందో చూడాలి. అరనిమిషం పని.

డబ్బు రావడానికి పిన్ అవసరం లేదన్న సంగతి అంగట్లో చిన్న కుర్రాడి దాకా తెలిసి ఉండాలి. ‘మీకు పంపిస్తున్నాను, పిన్ కొట్టండి’ అన్నాడంటే వాడు తీసుకోబోతున్నాడని అర్థం. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి, మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, ‘ముందు మా సిస్టంలో రిజిస్టర్ కావాలి’ అంటూ పది రూపాయలతో మొదలుపెట్టే ఫోన్లు ఈ తరహావే. అలాగే ‘పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి పంపండి’ అని బతిమాలేవాళ్లు ఉంటారు. ముందు స్టేట్‌మెంట్ చూడండి. నిజంగా వచ్చి ఉంటే కొత్త నంబరుకు పంపకుండా, బ్యాంకు ద్వారానే వచ్చిన అకౌంటుకు తిప్పి పంపండి.

4. మోసం సొమ్ము మీ అకౌంట్లోకి వస్తే

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఏ తప్పూ చేయని వ్యాపారి నలిగిపోయేది ఇక్కడే, ముఖ్యంగా బంగారం, సెల్‌ఫోన్లు అమ్మేవాళ్లు.

ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకరు మోసపోతారు. ఆ డబ్బు రెండు మూడు అకౌంట్లు తిరిగి, చివరికి ఒక మనిషి మీ అంగడికి వచ్చి ఆ డబ్బుతోనే బంగారు బిస్కెట్టో గొలుసో కొంటాడు. బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయగానే బ్యాంకులు ఆ డబ్బు నడిచిన దారి పట్టుకుని, ఒక్కో అకౌంట్లో ఆ మొత్తాన్ని నిలిపేస్తాయి. కొన్నిసార్లు అకౌంటు మొత్తమే ఆగిపోతుంది. మీరు సరుకిచ్చి డబ్బు తీసుకున్నారు, మీ బిల్లు న్యాయమైనదే. అయినా పండగ ముందు హోల్‌సేలర్‌కు ఇవ్వాల్సిన చెక్కు వెనక్కి వస్తుంది.

దీనికి ముందే చేసుకోవాల్సిన ఏర్పాటు: క్యూఆర్‌కు ఒక అకౌంటు, వ్యాపారం నడిపే కరెంట్ అకౌంటు వేరే, వీలైతే వేరే బ్యాంకులో. క్యూఆర్ అకౌంట్లో పడిన డబ్బును రోజూ సాయంత్రం అసలు అకౌంటుకు మార్చుకుంటే, ఒకటి ఆగినా రెండోది నడిచే అవకాశం ఎక్కువ. పూర్తి రక్ష అని మాత్రం చెప్పను, ఎందుకంటే మార్చిన డబ్బు వెంట కూడా విచారణ రావచ్చు. అందుకే బిల్లు ముఖ్యం. పెద్ద కొనుగోలుకు కొనేవాళ్ల పేరు, ఫోన్ నంబరు, చెల్లింపు గుర్తింపు నంబరు (యూటీఆర్) బిల్లు మీదే రాయండి. రెండు లక్షలు దాటితే పాన్ ఎలాగూ తీసుకోవాల్సిందే. సీసీ కెమెరా రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తోందో చూసుకోండి. రికార్డింగ్ దాచే పెట్టె (డీవీఆర్) వారానికే పాతవి చెరిపేస్తుంటే పెద్ద హార్డ్‌డిస్క్ వేయించండి. డబ్బు పంపే పేరు, కొనే మనిషి పేరు వేరైతే అడగండి. మొహమాటపడితే నష్టం మీకే.

‘మీ అకౌంటుకు లక్ష వేస్తాను, క్యాష్ ఇవ్వండి, రెండు వేలు మీరుంచుకోండి’ అనేవాణ్ని గడప దగ్గరి నుంచే పంపేయండి. అకౌంటు అద్దెకిచ్చినా, ఇలా నగదు మార్చి ఇచ్చినా మీరు నేరంలో భాగమైనట్టే విచారణ జరుగుతుంది.

అకౌంటు ఆగిపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా మూడు అడగండి: ఏ ఫిర్యాదు నంబరు మీద ఆపారు, ఏ రాష్ట్రంలోని ఏ పోలీసు స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. ఆ వివరాలతో దర్యాప్తు అధికారికి బిల్లు, చెల్లింపు వివరం, కెమెరా దృశ్యం, స్టాకు రిజిస్టరు నకలు పంపి, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతా అకౌంటు వదలమని కోరండి. లాయరుతో రాయిస్తే మంచిది. ‘లక్ష ఇస్తే రేపే విడిపిస్తా’ అని ఫోన్లు కూడా వస్తాయి. వాళ్లూ మోసగాళ్లే.

5. మీరు డబ్బు పంపేటప్పుడు

సూరత్ నుంచి చీరలు తెప్పిస్తారు, ఏళ్ల తరబడి లావాదేవీ ఉంది. ఒకరోజు మెయిల్ వస్తుంది: ‘మా బ్యాంకు ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ కొత్త అకౌంటుకు వేయండి’. ఇన్వాయిస్ అచ్చం పాతదే, లెటర్‌హెడ్ పాతదే, మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం మాత్రం తేడా. లేదా తేడా కూడా ఉండదు, ఎందుకంటే వాళ్ల మెయిల్‌లోనే మోసగాడు కూర్చుని ఉంటాడు.

అకౌంటు నంబరు మారిందని ఎవరు చెప్పినా, మీ దగ్గర పాత పుస్తకంలో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడి నిర్ధారించుకోండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. తర్వాత ఒక రూపాయి వేసి, అందిందని వాళ్లు చెప్పాకే మిగతాది. అన్నదమ్ములిద్దరూ వ్యాపారంలో ఉంటే, ఫలానా మొత్తం దాటితే ఒకరు ఎంట్రీ వేయాలి, ఇంకొకరు ఆమోదించాలి అని నెట్ బ్యాంకింగ్‌లో పెట్టించుకోండి. దీన్ని మేకర్-చెకర్ అంటారు, కరెంట్ అకౌంట్లకు చాలా బ్యాంకులు ఇస్తాయి. అన్న బయట ఉన్నప్పుడు అన్న పేరుతో వచ్చే ‘అర్జెంటుగా వెయ్యరా’ మెసేజ్‌లకు కూడా ఇదే అడ్డుకట్ట.

బ్యాంకు వెబ్‌సైట్‌ను గూగుల్‌లో వెతికి తెరవొద్దు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు మన బ్యాంకులు తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాలకు మార్చుకున్నాయి, దానికి 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. చిరునామా చివర అది ఉందో లేదో చూసి, బుక్‌మార్క్ చేసుకుని, ఎప్పుడూ అక్కడి నుంచే తెరవండి. కస్టమర్ కేర్ నంబరుకూ గూగుల్ వద్దు, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్నదే సరైనది.

6. టాలీ ఉన్న కంప్యూటరు

రాన్సమ్‌వేర్ అంటే కంప్యూటర్లోని ఫైళ్లన్నీ తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగే వైరస్. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. చిన్న అంగళ్లలో ఇది రావడానికి ఎక్కువగా రెండు దారులు. ఒకటి, క్రాక్ చేసిన టాలీ, క్రాక్ చేసిన విండోస్. లైసెన్స్ డబ్బు మిగిలిందనుకుంటాం, కానీ ఆ క్రాక్ ఫైలు నడవడానికి యాంటీవైరస్ ఆపేయమని చెప్తారు. అక్కడే తలుపు తెరుచుకుంటుంది. రెండోది, ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారిని) ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి పెట్టడం. ఇలాంటి తలుపుల కోసం రాత్రీపగలూ ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు ఉంటాయి. మీ కంప్యూటర్లో అలా పెట్టించి ఉంటే ఈరోజే మూయించండి.

సర్వీసు కుర్రాడు దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్‌తో వస్తే తప్పు లేదు, కానీ ఎప్పుడంటే అప్పుడు వచ్చే శాశ్వత పాస్‌వర్డ్ ఇవ్వకండి. ప్రతిసారీ మీరు ‘యాక్సెప్ట్’ నొక్కాలి, పని అయ్యేదాకా ఎదుట కూర్చోవాలి, అయ్యాక మూసేయాలి.

ఇక బ్యాకప్. టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంటుంది. అదే కంప్యూటర్లోని డీ డ్రైవ్‌లోకి తీస్తే అది బ్యాకప్ కాదు, వైరస్ వస్తే రెండూ పోతాయి. రెండు పెన్‌డ్రైవ్‌లు లేదా చిన్న హార్డ్‌డిస్క్‌లు కొనండి. ఒకటి ఈరోజు, ఇంకొకటి రేపు. పని కాగానే తీసేయాలి, రాత్రంతా కంప్యూటర్‌కే గుచ్చి ఉంచితే ప్రయోజనం లేదు. ఒకటి ఎప్పుడూ ఇంట్లో బీరువాలో ఉండాలి. వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లో కూడా ఒక కాపీ వేయండి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి, నిన్నటి బాకీలు సరిగా కనిపిస్తున్నాయో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోలేం. టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే డేటా ఎత్తుకుపోయినవాడు చదవలేడు. అయితే అది మరిచిపోతే మీకు కూడా తెరుచుకోదు, కాబట్టి కాగితం మీద రాసి లాకర్‌లో పెట్టండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు మారడానికి కంప్యూటర్ సరిపోతే మారండి, సరిపోకపోతే ఈ ఏడాది ఖర్చుల్లో కొత్తదానికి చోటివ్వండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచితే చాలు, చిన్న అంగడికి వేరే యాంటీవైరస్ తప్పనిసరి అని నేననుకోను. గుమాస్తా రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాకుండా మామూలు యూజర్ లాగిన్ ఇవ్వండి.

7. జీఎస్టీ, ఆడిటర్

ఆడిటర్ మీద నమ్మకం ఉండటం వేరు, ఓటీపీ ఆయన దగ్గరే ఉండటం వేరు. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ సవరణలో నాన్-కోర్ ఫీల్డ్స్ కింద మొబైల్, మెయిల్ మార్చుకునే వీలుంది, మీవే పెట్టుకోండి. ఈ-వే బిల్లు పోర్టల్‌కు 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండు దశల లాగిన్ తప్పనిసరి అయింది. డిజిటల్ సంతకం టోకెన్ ఆడిటర్ ఆఫీసు సొరుగులో ఉంటే తెచ్చుకుని లాకర్‌లో పెట్టండి.

అదే పోర్టల్‌లో లాగిన్ లేకుండానే పాన్‌తో వెతికే వీలుంది. మీ పాన్ కొట్టి చూడండి. మీకు తెలియని రాష్ట్రంలో మీ పేరుతో రిజిస్ట్రేషన్ కనిపిస్తే ఎవరో దొంగ బిల్లులు నడుపుతున్నారు, వెంటనే ఫిర్యాదు చేయాలి. జీఎస్టీ నోటీసు అంటూ వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తే దాని మీద నోటీసు గుర్తింపు నంబరు (డిన్) ఉంటే, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సైటులో సరిచూడండి. వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అన్న పద్ధతి మన చట్టంలోనే లేదు, అలా అన్నవాడి ఫోన్ పెట్టేయండి.

8. పాస్‌వర్డ్‌లు, వైఫై, మనుషులు

అంగడి పేరు పక్కన 123 వేయడం మానండి. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే చాలు: గుమ్మడి, రైలు, పెన్నా, దువ్వెన లాగా. ఇవే వాడొద్దు, మీవి మీరు ఎంచుకోండి. ఒక్కో ఖాతాకు ఒక్కోటి. గుర్తుండకపోతే నోట్‌బుక్‌లో రాసి బీరువాలో తాళం వేయండి, కౌంటర్ మీద స్టిక్కర్ కంటే అది ఎంతో మేలు.

రౌటర్‌కు, సీసీ కెమెరా డీవీఆర్‌కు కంపెనీ వేసిచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. కొనేవాళ్లకు వైఫై ఇవ్వాలనుంటే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. గుమాస్తా మానేసిన రోజే, మొదట ఖాతాలన్నీ రాసుకున్న కాగితం తీసి, ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. అది ఆయన్ని అవమానించడం కాదు, రేపు ఏదైనా జరిగితే ఆయన మీద అనుమానం రాకుండా కాపాడటం కూడా.

ఇంకో మాట. పొరపాటు చేసిన కుర్రాడు భయపడి దాస్తే మీరు విలువైన గంటలు పోగొట్టుకుంటారు. ‘ఏం నొక్కినా వెంటనే చెప్పు, ఏమీ అనను’ అని ముందే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

9. జరిగిపోతే

డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయండి. లైను దొరకకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ అకౌంటు నంబరు, మొత్తం, సమయం, యూపీఐ లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా చేతులు మారకముందే ఆపగలగాలి, అందుకే గంటలు కాదు, నిమిషాలు లెక్క. ఇంట్లో వాళ్లతో, స్నేహితులతో చర్చ తర్వాత.

అదే సమయంలో ఇంకొకరు బ్యాంకుకు ఫోన్ చేసి అకౌంటు ఆపించాలి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల చొరబాటు వల్ల డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెప్తే నష్టం మీ మీద పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలై సర్క్యులర్‌లో చెప్పింది. ఓటీపీ, పిన్ మీరే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీదే. రెండు సందర్భాల్లోనూ త్వరగా చెప్పినవాళ్లకే మేలు. చాట్‌లు, కాల్ లాగ్, మెసేజ్‌లు ఏవీ చెరపొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి.

కంప్యూటర్లో ఫైళ్ల పేర్లు మారిపోయి డబ్బు అడిగే నోటు కనిపిస్తే ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ను పొరపాటున కూడా గుచ్చొద్దు. ఫార్మాట్ చేయించే ముందు నో మోర్ రాన్సమ్ అనే సైటులో ఆ వైరస్‌కు ఉచిత తాళంచెవి ఉందేమో చూడండి. డచ్ పోలీసులు, యూరోపోల్, కొన్ని భద్రతా కంపెనీలు కలిసి 2016లో పెట్టిన సైటు అది. తాళంచెవి దొరక్కపోయినా, పాడైన డిస్కును ఒక సంచిలో పెట్టి దాచండి, తర్వాత దొరికిన సందర్భాలున్నాయి. కొత్త డిస్కు వేసి, విండోస్ శుభ్రంగా ఎక్కించి, ఆ తర్వాతే బీరువాలోని బ్యాకప్‌ను తెరవండి.